బంతి బాకీ

రాతప్రతిని బల్ల మీద పెట్టి, "మామయ్యా, చదివి నాలుగు మాటలు రాయండి. నాన్న మిమ్మల్నే అడగమన్నాడు" అంది అమ్మాయి. వాళ్ల నాన్న పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్. నేను సర్కారు పశువైద్యుణ్ణి. ఆయన తెచ్చిన జాగిలాలకు సూదులు వేయడం, పిడుదులు ఏరించడం, టిక్ ఫీవర్ వచ్చినప్పుడు సెలైన్ పెట్టి తెల్లారేదాకా ఇద్దరం పక్కన కూర్చోవడం, ఇలా కుదిరిన స్నేహం మాది. ఆయన నాతో కుక్కల సంగతి తప్ప ఇంకో సంగతి మాట్లాడిన గుర్తు లేదు. ఆయన కూతురు ఇంత నిండుగా, ఇంత నిబ్బరంగా తెలుగు రాస్తుందని మాత్రం ఈ కాయితాలు తిప్పేదాకా నాకు తెలియదు.

ఇది స్వీటీ అనే లాబ్రడార్ కథ. పేలుడు పదార్థాలను పసిగట్టే జాగిలం అది. రెండు మేడారం జాతరలు, లెక్కలేనన్ని ఎన్నికల సభలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, మంత్రుల కాన్వాయ్‌లకు ముందు కల్వర్టులు, అన్నీ వాసన చూసింది. తొమ్మిదో ఏట వెనక కాళ్లు పట్టేయడంతో పని మాన్పించారు. హ్యాండ్లర్, కుక్క ఒకే ఏడాది రిటైరయ్యారు. హన్మకొండలోని ఆ ఇంట్లో ఆ తర్వాత మూడేళ్లు ఏం జరిగిందన్నదే పుస్తకమంతా.

ముందుగా దీపావళి అధ్యాయం సంగతి చెప్పాలి. దాన్ని చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. స్వీటీ ఇంటికొచ్చిన తొలి దీపావళి అది. కుక్క బెదురుతుందని, టపాకాయల పెట్టెను రచయిత్రి తమ్ముడు మేడ మీది గదిలో బీరువా వెనక దాచాడు. సాయంత్రం చూస్తే కుక్క కనబడలేదు. వీధంతా వెతికారు. మెట్లంటే జంకే కుక్క, తుంటి నొప్పితో లేవడానికే నాలుగుసార్లు సర్దుకునే కుక్క, మేడెక్కి ఆ బీరువా ముందు కూర్చుని ఉంది. మొరగలేదు, గోళ్లతో గీరలేదు. వెన్ను నిటారుగా పెట్టి, బీరువా వైపోసారి, తలుపు వైపోసారి చూస్తూ కూర్చుంది.

ఈ విద్య తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పేలుడు పదార్థం పసిగట్టిన జాగిలం దాన్ని ముట్టుకోకూడదు, అరవకూడదు. చప్పుడు చేయకుండా కూర్చోవాలి. కూర్చోవడమే దాని నివేదిక. అలా కూర్చోగానే హ్యాండ్లర్ జేబులోంచి బంతి తీసి ఇస్తాడు. నెలల తరబడి సాగే శిక్షణకు మూలం ఈ చిన్న బేరమే. సూరేకారం, గంధకం వాసన ముక్కుకు తగిలింది. స్వీటీ లెక్కలో డ్యూటీ అయిపోయింది. ఇక రావలసింది బంతి. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో ఎవరికీ తెలియదు. పిల్లలు నవ్వారు. తండ్రి నవ్వలేదు. కిందికి దిగి, యూనిఫాం దాచుకున్న ట్రంకుపెట్టె అడుగునుంచి పాత టెన్నిస్ బంతి వెతికి తెచ్చి, కుక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని, "శాబాష్" అని నోటికందించాడు. ఆయన చేతులు వణికాయని కూతురు ఒక్క వాక్యం రాసి, ఇంకేమీ కలపకుండా అధ్యాయం ముగించింది.

ఇలాంటి కుక్కల గురించి రాసేవాళ్లందరూ త్యాగం, దేశభక్తి అంటారు. ఈ అమ్మాయీ రెండు మూడు చోట్ల అంది. ఆ మాటల దగ్గర నేను ఆమెతో ఏకీభవించను. కుక్కకు దేశం తెలియదు, మరణం తెలియదు, తాను వెతికేది ఎందరి ప్రాణాలు తీసే వస్తువో తెలియదు. బంతి కోసం వెతికింది, బంతి ఇచ్చే మనిషి కోసం వెతికింది. తెలిసి చేసినవాడు త్యాగి. తెలియకుండా ప్రాణం ఒడ్డినవాడికి మనం చెల్లించాల్సింది పొగడ్త కాదు. ఆ పనిలో ఉన్న ప్రమాదం మొత్తం మనకు తెలుసు, దానికి తెలియదు. కాబట్టి లెక్కంతా మన వైపే ఉంది. 1993 బొంబాయి పేలుళ్ల తర్వాత జంజీర్ అనే లాబ్రడార్ పట్టించిన ఆర్డీఎక్స్ మూడు వేల కిలోల పైమాటే. ఆ నగరం దానికి పడ్డ బాకీని బంతులతో లెక్కగడితే ఎన్ని బంతులవుతాయి? అది 2000లో ఎముకల కేన్సర్‌తో పోయింది. లాంఛనాలతో సాగనంపారు. మంచిదే. అయితే జంజీర్లందరికీ అలా జరగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, ఇప్పుడు నేనుంటున్న జిల్లా కాదు, ఒక జాగిలాన్ని పరీక్షించి రిపోర్టు రాయమని నా దగ్గరికి పంపారు. మగ ఆల్సేషన్. ఆస్పత్రి వరండాలో ఆ చివరిదాకా నడిపించి, మళ్లీ ఇటు నడిపించాను. వెనక కాళ్లు ఈడుస్తోంది. తుంటి కీళ్లు అరిగిపోయాయి, విధులకు పనికిరాదని రాశాను. ఆఫీసు భాషలో దాన్ని కండెమ్ చేయడం అంటారు. కండెమ్ చేసిన జీపు, కండెమ్ చేసిన కుర్చీ, కండెమ్ చేసిన కుక్క. మాట ఒకటే. దాన్ని తెచ్చిన కానిస్టేబుల్ కుర్రాడు బయట నిలబడి, "సార్, దీన్ని నేను ఇంటికి తీసుకుపోవచ్చా?" అన్నాడు. నాకు తెలిసి అలాంటి రూలు లేదన్నాను. అతను సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు. ఆ కుక్క ఎటు పోయిందో నేను అడగలేదు. వారం తర్వాతా అడగలేదు. రూలు లేదన్న జవాబు అబద్ధం కాదు గాని, అలాంటి రూలు రావాలని పై వాళ్లకు ఒక్క ఉత్తరం ముక్క రాసినవాణ్ణీ కాదు.

ఈ నిర్లక్ష్యం మన ఒక్కరిదే కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున సుమారు 4 వేల కుక్కలు పనిచేస్తే, తిరిగొచ్చినవి రెండు వందల చిల్లర. మిగతావాటిని, చచ్చినవి చావగా, మిగిలిపోయిన సామాన్ల కింద జమకట్టి అక్కడే వదిలేశారు, లేదా మందిచ్చి చంపారు. తమ ప్రాణాలు కాపాడిన కుక్కను అక్కడ వదిలి విమానమెక్కిన కుర్రవాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఆ సంగతి తలుచుకుని ఏడ్చారు. 2000 నవంబరుదాకా ఆ దేశంలో సైనిక జాగిలాన్ని ఇంటికి తీసుకుపోయే దారి చట్టంలో లేదు. కీళ్లవాతంతో కుంటుతున్న రాబీ అనే బెల్జియన్ మాలినోయ్‌ను దాని హ్యాండ్లర్ అడిగితే కుదరదన్నారు. ఆ గొడవ చట్టసభకెక్కి, క్లింటన్ సంతకంతో రాబీ పేరనే చట్టమైంది. రాబీ మాత్రం ఇల్లు చేరలేదు. ఒళ్లు మరీ చెడిపోయి, 2001 జనవరిలో దాన్ని నిద్రపుచ్చేశారు. పేరు చట్టానికిచ్చి వెళ్లిపోయింది. 2015 చివర్లో ఇంకో సవరణ వచ్చింది. విదేశంలో రిటైరైన కుక్కను సొంత దేశానికి తేవాలని, దత్తతకిచ్చేటప్పుడు హ్యాండ్లర్‌ను ముందు అడగాలని. నేను ఈ రెండో మాటకే ఎక్కువ విలువిస్తాను.

మన సైన్యం కూడా పనికిరాని కుక్కలను నిద్రపుచ్చేస్తోందని దేశానికి తెలిసింది 2015లో, సమాచార హక్కు చట్టం కింద అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుతో. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. బాగుపడని రోగంతో బాధపడేవాటిని తప్ప చంపబోమన్న మాట సర్కారు నుంచి వచ్చింది. మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో ముసలి జాగిలాలను ఉంచి సాకుతున్నారు, ఇటీవల కుటుంబాలకు దత్తత కూడా ఇస్తున్నారు. 2019 నవంబరులో ఢిల్లీ మెట్రో కాపలా చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు ఏడు జాగిలాలకు పతకాలు, ప్రశంసాపత్రాలు ఇచ్చి, వీడ్కోలు సభ పెట్టి, ఒక సేవాసంస్థకు అప్పగించారు. ఆ ఫొటో పేపర్లో చూసిన రోజు నాకు ఆ వరండా గుర్తొచ్చింది.

రచయిత్రి ధర్మరాజు వెంట స్వర్గద్వారందాకా వెళ్లిన కుక్కను తలుచుకుంది. బాగుంది. కానీ నాకు ఈ పుస్తకం చదువుతుంటే సరమ అనే కుక్క గుర్తొచ్చింది. పణులు దాచిన ఆవుల జాడ ఇంద్రుడి తరఫున పట్టుకున్నది ఋగ్వేదంలో ఆమే. రస అనే నది దాటి వెళ్లింది. వెనక్కు పోవద్దు, చెల్లెలిగా చూసుకుంటాం, ఆవుల్లో వాటా పెడతాం అని వాళ్లు ఆశపెట్టినా లొంగలేదు. జాడ పట్టడం, దొంగ పెట్టే తాయిలం ముట్టకపోవడం, ఈ రెండూ ఇప్పటికీ ట్రాకర్ కుక్కకు నేర్పే పాఠాలే. ఆ సరమే మళ్లీ మహాభారతం మొదట్లో కనిపిస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న ఆమె కొడుకును, ఏ తప్పూ చేయకున్నా, రాజు తమ్ముళ్లు కొట్టారు. ఆమె నేరుగా వచ్చి రాజును నిలదీసింది. నన్నయగారు ఆ ఘట్టాన్ని ఎంత గంభీరంగా నడిపారో తెలుగు చదువుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మన ఆదికవి కావ్యంలో తొలి పేజీల్లోనే ఒక ఆడకుక్క ప్రభువును న్యాయం అడుగుతుంది. దేవతలకు సేవ చేసిన కుక్క, తన బిడ్డ కోసం. స్వీటీకి నోరు లేదు కాబట్టి ఈ అమ్మాయి అడిగింది.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం ఇంటి సంగతులు. ఎనిమిదేళ్లు సిమెంటు కెన్నెల్‌లో, ఇనప జాలీ వెనక పడుకున్న కుక్కకు ఇల్లంటే ఏమిటో తెలియదు. తిరిగే ఫ్యాను తెలియదు. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరింది. అద్దంలో కుక్కను చూసి వెనక్కు తగ్గింది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి చతికిలబడితే, ఇంట్లోవాళ్లు గోనెసంచులు పరిచి వీధి గుమ్మం నుంచి పెరటిదాకా దారి వేశారు. కుక్క ఏడాదిపాటు ఆ దారి మీదే నడిచిందట, గీత దాటకుండా. గిన్నెలో అన్నం పెట్టినా ముట్టకుండా చూస్తూ ఉండేదట, తినమన్న ఆర్డరు కోసం. దానికి తెలిసినవి హిందీ, ఇంగ్లిష్ మాటలు నాలుగు. నానమ్మకు తెలిసింది తెలుగు ఒక్కటే. మొదట్లో వంటింటి గడప దరిదాపులకు రానివ్వని ఆ పెద్దావిడ, మూడో నెలకల్లా "తినవే తల్లీ" అనడం, ఆ మాట వినగానే కుక్క గిన్నెలో మూతి పెట్టడం మొదలైంది. పొద్దున్నే పెరట్లో ఎండ పడే మూల కోసం ఆమె కుర్చీ, దీని గోనెసంచి పక్కపక్కన చేరాయి. ఇద్దరికీ కీళ్లనొప్పులే. ఆ మూల గురించి రాసిన రెండు పేజీలు ఎవరికైనా చదివి వినిపించాలనిపించేలా ఉన్నాయి.

వైద్యుడిగా ఒకటి రెండు మాటలు కలుపుతాను. ఇలాంటి కుక్క ఇంటికొస్తే ముందు బరువు చూడండి. రోజూ పరుగెత్తిన ఒళ్లు ఒక్కసారిగా ఆగిపోతుంది, మనమేమో ప్రేమ కొద్దీ నెయ్యన్నం పెడతాం. పెరిగిన ప్రతి కిలో ఆ తుంటి మీదే పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు పెట్టకండి. జాలీలు కొరికి పళ్లు అరిగి ఉంటాయి, చూపించండి. మన వేసవిలో తారురోడ్డు మీదికి పొద్దు పొడవకముందే తీసుకెళ్లి తీసుకురండి. అన్నిటికంటే ముఖ్యం, ముక్కుకు పని ఇవ్వండి. ఈ ఇంట్లో రోజూ సాయంత్రం తువ్వాలులో చుట్టిన బంతిని ఎక్కడో దాస్తారు. అది వెతికి కూర్చుంటుంది. పది నిమిషాల ఆట. మొదటి నెలలో జీపు చప్పుడు వింటే గేటు దగ్గరికి పరుగెత్తి నిలబడే కుక్క, ఆ ఆట మొదలయ్యాక నిలబడటం మానేసిందని రచయిత్రి రాసింది. నా మందులేవీ అంత పని చేయలేదు, నేనే సాక్షి.

ఎవరు దత్తత తీసుకోకూడదో చెప్పిన అధ్యాయాన్ని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. ముచ్చట పడి పుస్తకం రాసినవాళ్లు సాధారణంగా ఆ మాట దాటేస్తారు. వాసన పట్టే లాబ్రడార్ వేరు, మనిషి మీదికి ఉరకడం, పట్టు వదలకుండా కరవడం నేర్చిన మాలినోయ్ వేరు. చిన్నపిల్లలు అరుస్తూ పరుగెత్తే ఇంటికి, వేరే కుక్కలున్న ఇంటికి, పొద్దంతా తాళం పెట్టి ఆఫీసులకు పోయే ఫ్లాటుకు రెండో రకాన్ని తీసుకురావడం దానికీ మనకూ అన్యాయం. తుపాకుల మధ్య పనిచేసి వచ్చిన కుక్క మనసు కూడా గాయపడి ఉండొచ్చు. అమెరికాలోని లాక్‌లాండ్ సైనిక స్థావరంలో వాల్టర్ బుర్గార్ట్ అనే పశువైద్యుడు, యుద్ధం నుంచి వచ్చిన జాగిలాల్లో సైనికులకొచ్చే మానసిక గాయం లాంటిదే ఉందని గుర్తించి, వైద్యం చేశాడు. మూల నక్కడం, హ్యాండ్లర్ మీదే గుర్రుమనడం, ఎప్పుడూ చేసే పనిని చేయనని మొండికేయడం, ఇవి దాని లక్షణాలు. మన దగ్గర అడవుల్లో, గుట్టల్లో మందుపాతరలు వెతికిన కుక్కలు ఎన్నో. 2025లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కర్రెగుట్టల్లో తేనెటీగలు ముసిరి చనిపోయిన సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలోకు రెండేళ్లే. అలాంటి చోట్ల నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చిన కుక్క, పెళ్లి ఊరేగింపు డప్పుకో బాణసంచాకో వణికితే దాన్ని పిరికిదనకండి.

డబ్బు మాట రచయిత్రి మొహమాటపడి నాలుగు వాక్యాల్లో తేల్చింది. పెద్దవాణ్ణి, నేను అడుగుతాను. ముసలి కుక్క మందులు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు కానిస్టేబుల్ పెన్షన్లోంచి రావాలంటే ఎలా? సర్వీసులో ఉన్నన్నాళ్లు మేత, వైద్యం సర్కారువి. రిటైరైన మర్నాటి నుంచి కుక్క అదే, నొప్పి అదే, ఖర్చు మాత్రం దాన్ని ప్రేమించినవాడిది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ పోలీసులు 2013లో తమ రిటైరైన జాగిలాలకు ఏటా 500 పౌండ్ల చొప్పున మూడేళ్లదాకా వైద్యం ఖర్చు ఇచ్చే ఏర్పాటు చేశారు. పెద్ద మొత్తమేం కాదు. మన రాష్ట్రాల్లో అంత కూడా అక్కర్లేదు, ప్రతి జిల్లాలో పశువుల ఆస్పత్రులున్నాయి. రిటైరైన జాగిలానికి అక్కడ జీవితాంతం ఉచిత వైద్యమని ఒక్క ఉత్తర్వు వస్తే చాలు. మందులు లేవని తిప్పి పంపకుండా ఆ ఉత్తర్వులోనే రాస్తే ఇంకా మంచిది. ఈ పుస్తకం ఆ ఉత్తర్వు రాయగలిగినవాళ్ల బల్ల మీదికి చేరాలని నా కోరిక.

స్వీటీకి ఇప్పుడు పన్నెండేళ్లు. పోయిన నెల గోళ్లు తీయడానికి వెళ్లాను. చూపు మందగించింది, మెట్లు పూర్తిగా మానేసింది. నా మందుల సంచీని ఈ చివర నుంచి ఆ చివరదాకా తీరిగ్గా వాసన చూసి, కూర్చోకుండా వెళ్లి నానమ్మ కుర్చీ పక్కన పడుకుంది.

పుస్తకం చివర అనుబంధంగా ఒక అర్జీ నమూనా ఉంది. ఫలానా నంబరు జాగిలాన్ని ఇన్నేళ్లు నడిపిన నేను, దాని శేష జీవితం నా ఇంట గడపడానికి అనుమతి కోరుతున్నానని. కింద హ్యాండ్లర్ సంతకానికి చోటు, దాని కింద పశువైద్యుడి సిఫారసుకు నాలుగు గీతలు. ఆ పేజీని నేను రెండుసార్లు చదివాను. ఆనాడు వరండా బయట నిలబడ్డ ఆ కుర్రాడి చేతిలో ఇలాంటి కాయితం ఒకటుంటే, ఆ నాలుగు గీతల మీద నేను రాసి సంతకం చేసి ఉండేవాణ్ణని నమ్మాలని ఉంది.